క్రైమ్ కేసుల పిచ్చోళ్లు: వైజాగ్‌లో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డులో, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంకి కొంచెం ఇవతల, మురీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని హత్యల గురించి వాదించుకునే ఏడెనిమిది మందిని మీరెప్పుడైనా చూసి ఉంటే, అది మేమే. మాకు పేరూ లేదు, బోర్డూ లేదు. ఎంవీపీ కాలనీలో ట్యూషన్లు చెప్పే అక్క, ఇద్దరు లా స్టూడెంట్లు, ఒక మెడికల్ రెప్, పోర్టులో రిటైరైన బాబాయ్ (ఆయన మాలో ఎలా కలిశారో కింద చెప్తాను), నేను, అప్పుడప్పుడూ వచ్చిపోయే ఒకరిద్దరు. కొత్తవాళ్లు అడిగేవీ, ఇంట్లోవాళ్లు అడిగేవీ, పక్క బెంచీ మీద కూర్చుని మా మాటలు విని కంగారుపడినవాళ్లు అడిగేవీ కలిపి ఇక్కడ రాశాను. జవాబులు నావి. కొన్నిటికి మావాళ్లే ఒప్పుకోరు.

ట్రూ క్రైమ్ అంటే డిటెక్టివ్ కథలేగా?

కాదండి. డిటెక్టివ్ నవలలో హంతకుడెవరో రచయితకి మొదటి పేజీలోనే తెలుసు. ఇక్కడ నిజంగా ఒకరు చనిపోయారు, నిజంగా ఇంకొకరు జైల్లో ఉన్నారు. ఇద్దరికీ ఇళ్లున్నాయి, ఆ ఇళ్లలో మనుషులున్నారు.

అయితే మనకి ఈ రుచి మప్పింది మాత్రం ఆ కథలే. బాబాయ్ తరం అద్దె పుస్తకాల షాపు నుంచి అపరాధ పరిశోధక నవలలు తెచ్చుకుని దిండు కింద దాచుకుంది. మా తరం జిల్లా పేజీలో ‘వీడిన మిస్టరీ’ అన్న హెడ్డింగుల మీద, రాత్రిపూట టీవీలో పొగ, నీడలు, బరువైన గొంతుతో వచ్చే క్రైమ్ ప్రోగ్రాముల మీద పెరిగింది. ఇప్పటి పిల్లలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాడ్‌కాస్టులు వింటున్నారు.

ఆ పాడ్‌కాస్టుల ఊపు 2014లో అమెరికాలో వచ్చిన ‘సీరియల్’తో మొదలైంది. 1999లో బాల్టిమోర్‌లో హత్యకు గురైన ఒక హైస్కూల్ అమ్మాయి కేసుని అది వారం వారం విప్పుకుంటూ వెళ్లింది. శిక్ష పడిన కుర్రాడు నిజంగా చేశాడా లేదా అని ఎక్కడెక్కడివాళ్లో థియరీలు అల్లారు. 2022లో ఒక కోర్టు అతని శిక్ష కొట్టేసింది. మరుసటి సంవత్సరం పై కోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. 2025లో, నేరం నేరంగానే ఉంచి, ఇప్పటిదాకా అనుభవించిన శిక్ష చాలన్నారు. ఇన్ని మలుపుల మధ్య నాకు గుర్తుండిపోయింది ఒక్కటే. 2022లో కోర్టులో ఆ అమ్మాయి తోడబుట్టినవాడు, ఇది నాకు పాడ్‌కాస్ట్ కాదు, నిజ జీవితం అని చెప్పుకున్నాడు.

చావుల గురించి వినడంలో ఆనందం ఏమిటి? మీకేమైనా తేడానా?

ఈ ప్రశ్న మా అమ్మది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, “దీపాలు పెట్టే వేళ ఈ శవాల గోలేటమ్మా?” అంటుంది.

తేడా ఏమీ లేదనుకుంటాను. యాక్సిడెంట్ అయిన చోట బస్సులోంచి అందరం తల బయటపెట్టి చూస్తాం కదా, అదే బుద్ధి. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ కథల మీద మగవాళ్లకన్నా ఆడవాళ్లకే మక్కువ ఎక్కువని 2010లో అమెరికాలో అమాండా వికారీ, క్రిస్ ఫ్రాలీ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక అధ్యయనంలో చూపించారు. ప్రాణం ఎలా కాపాడుకోవచ్చో తెలిసే పుస్తకమైతే ఆడవాళ్లు దాన్నే ఎంచుకున్నారట. మా ట్యూషన్ అక్క ఈ మాట విని నవ్వింది. “దానికి స్టడీ ఎందుకు? రాత్రి తొమ్మిదింటికి మద్దిలపాలెంలో బస్సు దిగి నడిచి వెళ్లే ఏ ఆడపిల్లనైనా అడిగితే చెప్తుంది” అంది.

కానీ ఇదే బుద్ధి ఒక్కోసారి పక్కదారి పడుతుంది. ‘ఆ అమ్మాయి ఎక్కడ జాగ్రత్తపడి ఉండాల్సింది’ అని మొదలుపెట్టి, తెలియకుండానే ‘ఆ టైముకి అక్కడికెందుకు వెళ్లింది’ దగ్గర తేలతాం. ఏ వీడియో కిందైనా కామెంట్లు చూడండి, మీకే తెలుస్తుంది.

మొదట ఏ కేసు చదవమంటారు?

అమెరికా హంతకుల పేర్లు చెప్తామని ఆశిస్తే నిరాశపడతారు. కొత్తగా వచ్చిన ఎవరికైనా మేం మొదట చెప్పేది విజయవాడ కేసు.

2007 డిసెంబరు చివర్లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుకుంటున్న అమ్మాయి హత్యకు గురైంది. పేరు రాయను, కారణం కింద ఉంది. రాష్ట్రమంతా అట్టుడికింది. రోజుకో పేరు చక్కర్లు కొట్టింది. 2008 ఆగస్టులో పోలీసులు ఒక పేదింటి కుర్రాణ్ణి అరెస్టు చేశారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు అతనికి 14 ఏళ్ల శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. మరుసటి ఏడు కేసు సీబీఐ చేతికి వెళ్లింది. 2019 డిసెంబరులో, అంటే హత్య జరిగిన పన్నెండేళ్లకి, తెనాలిలో సమాధి తవ్వి ఆ అమ్మాయి అవశేషాలకి మళ్లీ పరీక్షలు చేశారు.

2008లో నేను డిగ్రీ రెండో ఏడు. కంచరపాలెంలో మా ఇంటి అరుగు మీద పేపరు పరిచి, ఆ కుర్రాడి ఫొటో చూసి “మొహంలోనే తెలిసిపోతోంది” అన్నాను. పక్కనే గడ్డం గీసుకుంటున్న మా నాన్న తొంగిచూసి అవునన్నారు. హైకోర్టు తీర్పు వచ్చినప్పుడు ఆ ఫొటో మళ్లీ పేపర్లో పడింది. అదే మొహం. ఈసారి నాకందులో ఏమీ తెలియలేదు.

ఈ కేసుని వెనక నుంచి చదవండి. ముందు హైకోర్టు ఎందుకు వదిలేసిందో చూసి, తర్వాత 2008 నాటి వార్తలు వెతికి చదవండి. ఆ వార్తల్లో ఎన్ని మాటలు ‘అట’ లేకుండా రాశారో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. మా లా స్టూడెంట్లలో ఒకడు ఈ పని చేసి పెన్సిల్ అరిగిపోయిందన్నాడు.

ఎఫ్ఐఆర్, చార్జిషీటు, తీర్పు. వీటిలో ఏది చదవాలి, ఎక్కడ దొరుకుతుంది?

ఎఫ్ఐఆర్ అంటే ఫిర్యాదు, అంతే. ఎవరో వచ్చి చెప్పింది స్టేషన్లో రాసుకున్నారు. లైంగిక నేరాలు, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి చాలావరకు దొరుకుతాయి. చార్జిషీటు పోలీసుల వాదన. దాన్ని జనానికి అందుబాటులో పెట్టనక్కర్లేదని 2023లో అదే సుప్రీంకోర్టు తేల్చింది. ‘మా చేతికి చిక్కిన చార్జిషీటు’ అని ఎవరైనా ఊగిపోతుంటే, వాళ్ల చేతికి ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో ఆలోచించండి.

చదవాల్సింది తీర్పు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో, యాప్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. ప్రతి కేసుకీ సీఎన్ఆర్ అని 16 అక్షరాల నంబరుంటుంది. అది తెలిస్తే ఎన్ని వాయిదాలు పడ్డాయో కూడా చూడొచ్చు. ట్రయల్ కోర్టు తీర్పు మొదటిసారి చూస్తే బెదిరిపోతారు. పీడబ్ల్యూ1, పీడబ్ల్యూ2 అని ఉండేవాళ్లు ప్రాసిక్యూషన్ సాక్షులు. ఎంవో1 అంటే కోర్టులో పెట్టిన వస్తువు, కత్తో, రక్తం మరకల చొక్కానో. నేనైతే సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్ (ఎదుటి లాయరు వేసే ప్రశ్నలు) గురించి జడ్జి ఏం రాశారో ముందు వెతుక్కుంటాను. కేసు నిలబడినా పడిపోయినా అక్కడే.

సెక్షన్ల దగ్గర తికమక పడకండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకి 302 అని నోటికొచ్చినట్టు అనేవాళ్లం, ఇప్పుడది 103. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకి మాత్రం పాత సెక్షన్లే.

కళ్లారా చూసిన సాక్షి లేని కేసులంటే మనలాంటివాళ్లకి మహా ఇష్టం. వాటి కోసం ఒక పాత తీర్పు తప్పకుండా చదవాలి. 1984 నాటి శరద్ బిర్ధిచంద్ శారదా కేసు. చూసిన సాక్షి లేకుండా, పరిస్థితుల సాక్ష్యం మీదే శిక్ష వేయాలంటే ఏమేం రుజువు కావాలో సుప్రీంకోర్టు అందులో ఐదు సూత్రాలుగా చెప్పి, వాటికి తనే పంచశీల అని పేరు పెట్టింది. గొలుసులో ఒక్క లింకు తెగినా చెల్లదు. మేం బీచ్‌లో ఏ థియరీ చెప్పినా ట్యూషన్ అక్క ఐదు వేళ్లూ చాపి ఒక్కోటీ మడుస్తూ అడుగుతుంది. మూడో వేలు దాటినవాళ్లు తక్కువ.

పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నాడు కదా. ఇంకా ‘నిందితుడు’ అనడమెందుకు?

ప్రెస్ మీట్ ఫొటో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ముందు బల్ల మీద గొలుసులు, సెల్‌ఫోన్లు, ఒక కత్తి వరసగా పేర్చి ఉంటాయి. బల్ల వెనక అధికారులు. వాళ్ల వెనక మొహాలకి ముసుగులతో ఇద్దరో ముగ్గురో. ఈసారి వాళ్ల కాళ్ల వైపు చూడండి, చాలాసార్లు చెప్పులు కూడా ఉండవు. మర్నాడు పేపర్లో ‘నేరం అంగీకరించిన నిందితుడు’ అని వస్తుంది. మన దృష్టిలో కేసు అక్కడితో ముగిసింది. కోర్టులో ఇంకా మొదలు కూడా కాలేదు.

పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యం కాదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ ఆ మాట చెప్పింది, కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్ అదే చెబుతోంది. కొట్టి ఒప్పిస్తారన్న అనుమానం చట్టం రాసిన తెల్లదొరలకే ఉంది మరి. ఒక్క మినహాయింపు ఉంది. “కత్తి ఫలానా బావిలో పడేశాను” అని చెప్పి, నిజంగా అక్కడే దొరికితే, ఆ మేరకు మాత్రం చెల్లుతుంది. మేజిస్ట్రేటు ముందు, ఎవరి బలవంతమూ లేకుండా ఇచ్చిన వాంగ్మూలం సంగతి వేరు. ఇష్టం లేనివాళ్లకి నార్కో పరీక్ష (మత్తుమందు ఇచ్చి ప్రశ్నలడగడం) చేయకూడదని 2010లో సుప్రీంకోర్టు చెప్పేసింది కాబట్టి ‘నార్కో చేస్తే నిజం బయటికొస్తుంది’ అనే డైలాగు మా దగ్గర నడవదు.

మాటల విషయంలో మేం కొంచెం చాదస్తం. అరెస్టయితే నిందితుడు. విచారణలో బోనెక్కితే ముద్దాయి. నేరం రుజువైతే దోషి. ‘హంతకుడు’ అనాలంటే తీర్పు వచ్చేదాకా ఆగాలి. తొందరపడి అన్నవాళ్లు ఆ రోజు అందరికీ మిక్చర్ కొనాలి.

కోర్టుకి వెళ్లి విచారణ చూడొచ్చా?

చూడొచ్చు. మన దేశంలో కోర్టు తలుపులు తెరిచే ఉంటాయి. అత్యాచారం కేసులూ, పిల్లల మీద నేరాల కేసులూ మాత్రం లోపలే జరుపుతారు. ఫోన్ ఆఫ్ చేసి, వెనక బెంచీలో కూర్చుని, జడ్జి గారు వచ్చినప్పుడు లేచి నిలబడితే చాలు. రికార్డింగు మాట తలపెట్టకండి.

సినిమా చూసి వెళ్తే మాత్రం విసుగొస్తుంది. మేం మొదటిసారి ఒక హత్య కేసు వాయిదాకి వెళ్లినప్పుడు పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా జరిగింది ఇంతే. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. బంట్రోతు వరండాలోకి వెళ్లి ఒకే పేరు మూడుసార్లు పిలిచాడు. ఎవరూ రాలేదు. ఇంకో కేసులో సాక్షి ఎక్కాడు. పోలీసులకి చెప్పిందంతా తాను చెప్పలేదన్నాడు. దీన్ని ‘అడ్డం తిరిగాడు’ అంటారు. ప్రభుత్వం తరఫు లాయరు పీపీ గారు మొహంలో ఏ మార్పూ లేకుండా కాగితం తిప్పారు. వారానికి ఇలాంటివి ఎన్ని చూస్తారో అనిపించింది.

మా పక్కన ఒకామె కూర్చుంది. ఒళ్లో గుడ్డ సంచి, అందులో స్టీలు గిన్నె. కేసు పిలిచినప్పుడల్లా సంచి మీద చెయ్యి బిగించేది. మధ్యాహ్నం మా మెడికల్ రెప్‌ని “బాబూ, మళ్లీ ఎప్పటికేశారు?” అని అడిగింది. అతను వెళ్లి బెంచ్ క్లర్కుని కనుక్కుని, వచ్చే నెల పదమూడని చెప్పాడు. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుని వెళ్లిపోయింది. ఆమె చనిపోయినవాడి తల్లో, ముద్దాయి తల్లో మాకు తెలియదు. అడగాలనిపించలేదు.

సినిమాలో చూపించినట్టు డీఎన్ఏ రిపోర్టు గంటలో వస్తుందా?

రాదు. ల్యాబుల్లో శాంపిల్స్ వరసలో ఉంటాయి. విసెరా రిపోర్టు (శవం లోపలి అవయవాల పరీక్ష) కోసం నెలలు ఎదురుచూసే కేసులు బోలెడు. కానీ గర్వపడాల్సిన సంగతి కూడా ఒకటుంది. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో పెట్టారు. మన దేశంలో డీఎన్ఏ ఫింగర్ ప్రింటింగ్‌కి హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో దారి వేసింది శాస్త్రవేత్త లాల్జీ సింగ్. ఈ రెండింటి గురించీ తెలుగులో మంచి ఎపిసోడ్ ఎవరైనా చేస్తే మొదటి శ్రోతని నేనే.

సీరియల్ కిల్లర్ల గురించి మాట్లాడుకోరా?

మాట్లాడుకుంటాం, కానీ తక్కువ. 2019లో ఏలూరు వైపు ప్రసాదంలో సైనైడ్ కలిపి పది మందిని చంపాడన్న ఆరోపణ మీద ఒకర్ని అరెస్టు చేసినప్పుడు రెండు నెలలు మాకు వేరే ధ్యాస లేదు. ఆ కేసులో నన్ను పట్టుకున్నది సైనైడ్ కాదు. గుప్తనిధులనీ, రైస్ పుల్లింగ్ నాణేలనీ (బియ్యపు గింజల్ని లాక్కునే మహిమ ఉందని అమ్మేవి) చెబితే మనవాళ్లు ఎంత తేలిగ్గా నమ్మి డబ్బూ బంగారం తెచ్చి చేతిలో పెడతారో, అది.

అసలు లెక్కలు చూస్తే సీరియల్ కిల్లర్ మోజు తగ్గిపోతుంది. దేశంలో నేరాల లెక్కలు రాసే ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఆర్‌బీ ప్రకారం 2022లో దేశం మొత్తం మీద 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. వాటిలో 9,962 కేసులకి కారణం తగాదాలు. గట్టు తగాదా, డబ్బు తగాదా, ఇంట్లో తగాదా. మేధావి హంతకుడు, పోలీసులకి చిక్కుముడులు వేసి పంపే ఉత్తరాలు, ఇవేవీ లేవు. తాగిన మైకంలో పక్కింటివాడు రోకలిబండ ఎత్తాడు, అంతే. దీని మీద ఎవడూ పది భాగాల సిరీస్ తీయడు.

వైజాగ్‌లో ఉండి వైజాగ్ కేసుల గురించి ఎందుకు మాట్లాడరు?

తీర్పు వచ్చినవైతే మాట్లాడతాం. నడుస్తున్నవి ముట్టుకోం. ఈ రూలు మేం బుద్ధిమంతులమై పెట్టుకున్నది కాదు, గడ్డి తిన్నాక పెట్టుకున్నది.

కొన్నేళ్ల కిందట మాకు తెలిసిన ఏరియాలో, ఒక అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉంటున్న పెద్దాయన చనిపోయారు. పేపర్లో ‘అనుమానాస్పద మృతి’ అని నాలుగు లైన్లు. మా మెడికల్ రెప్ అటువైపు వెళ్తూ గేటు ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. గేటు పక్కన నీలం రంగు పాత స్కూటర్ ఉంది. నంబరు ప్లేటు స్పష్టంగా కనిపిస్తోంది. “ఆ బండి రాత్రి పదకొండింటికి కూడా అక్కడే ఉందట, వాచ్‌మన్ చెప్పాడు” అని ఒకరు. వాచ్‌మన్ ఎవరికీ ఏమీ చెప్పలేదని తర్వాత తెలిసింది. “బండి ఓనరెవరో కనుక్కోవాలి” అని రాసింది నేను. సాయంత్రానికి ఆ ఫొటో మా గ్రూపు దాటి, ఎర్ర సున్నా గీయించుకుని, తిరిగి మాకే వచ్చింది.

మూడో రోజు ఫోన్ వచ్చింది. నంబరు ఎలా సంపాదించారో తెలియదు.

“బాబూ, ఆ బండి నాది. పొద్దున్నే పాలు తేడానికి వాడతాను.”

నాకు నోట మాట రాలేదు.

“మా అమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి ‘ఏమైంది నాన్నా’ అంటోంది. పాల బూత్ కుర్రాడు నా వంక అదోలా చూస్తున్నాడు. మీరెవరో ఒకసారి చూద్దామని ఉంది. ఎక్కడుంటారు?”

ఆ పెద్దాయనది గుండెపోటని పోస్టుమార్టంలో తేలింది. ఆ ముక్క మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. స్కూటర్ ఆయన అన్నట్టుగానే ఆదివారం బీచ్‌కి వచ్చి, ఇరవై నిమిషాలు నిలబెట్టి తిట్టారు. తిట్టి తిట్టి అలిసిపోయి కూర్చున్నారు. ఆ రోజు మేం మాట్లాడుకుంటున్న కేసేంటని అడిగారు. ఆయనే మా పోర్టు బాబాయ్.

మన ఊరి మిస్టరీ కావాల్సిందే అంటే ఘాజీ ఉంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మన హార్బర్ బయట మునిగిపోయిన పాకిస్తాన్ సబ్‌మెరైన్. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జిలకి మునిగిందని మనవాళ్లు, లోపల జరిగిన పేలుడుకో, తను పరిచిన మైన్‌కో బలైందని వాళ్లు. ఇది యుద్ధం, క్రైమ్ కాదు. కానీ బాబాయ్‌ని కదిపితే రాత్రి తొమ్మిదయినా లేవరు.

నెటిజన్లు కలిసి హంతకుణ్ణి పట్టుకున్న సందర్భాలు లేవా?

అందరూ చెప్పే ఉదాహరణ కాలిఫోర్నియా ‘గోల్డెన్ స్టేట్ కిల్లర్’. 1970ల్లో, 80ల్లో చేసిన నేరాలకి 2018 ఏప్రిల్లో దొరికాడు, అప్పటికి వయసు 72. కేసుని జనం మరిచిపోకుండా ఉంచడంలో అభిమానుల పాత్ర ఉంది, కాదనను. పట్టించింది మాత్రం పాత శాంపిల్లోని డీఎన్ఏ. జనం తమ వంశవృక్షాల కోసం డీఎన్ఏ వివరాలు పెట్టుకునే ఒక వెబ్‌సైట్లో దాన్ని సరిపోల్చి, దూరపు చుట్టాలని పట్టుకుని, అక్కడి నుంచి కొమ్మా రెమ్మా దిగుతూ వచ్చారు. చేసినవాళ్లు దర్యాప్తు అధికారులు, వంశవృక్షాల నిపుణులు.

రెండో ఉదాహరణ ఎవరూ చెప్పరు. 2013 ఏప్రిల్లో బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ల తర్వాత ఇంటర్నెట్ జనం ఫొటోలు జూమ్ చేసి, అంతకుముందు నెల నుంచి కనిపించకుండా పోయిన ఒక భారత సంతతి విద్యార్థే నిందితుడని తేల్చేశారు. కొడుకు కోసం వెతుక్కుంటున్న ఇంటికి ఫోన్లూ తిట్లూ వెళ్లాయి. కొన్ని రోజులకి ఆ అబ్బాయి శవం నదిలో దొరికింది. పేలుళ్లతో అతనికి ఏ సంబంధమూ లేదు.

బాధితురాలి పేరు అందరికీ తెలిసిందే కదా. మీరెందుకు రాయరు?

చట్టం వద్దంది. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్లదాకా జైలు. చనిపోయినవాళ్లకీ ఈ రక్షణ ఉంటుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరే కాదు, ఊరు, కాలేజీ, తండ్రి ఉద్యోగం చెప్పి గుర్తుపట్టేలా చేసినా అంతే. పిల్లలయితే పోక్సో చట్టం విడిగా ఉంది. ‘అందరికీ తెలిసిందే’ అన్నది కోర్టులో జవాబు కాదు.

ఎన్‌కౌంటర్ అయిపోతే కేసు ముగిసినట్టేగా?

2019 డిసెంబరు 6 పొద్దున హైదరాబాద్ ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారన్న వార్త రాగానే మా ఆఫీసులో మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను. 2022లో, ఆ కాల్పుల మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. పోలీసులు చంపాలనే ఉద్దేశంతో కాల్చారని తేల్చి, పది మంది మీద హత్య కేసు నడపాలంది. ఎంతమంది చదివారు? మా ఏడెనిమిది మందిలో ముగ్గురం.

ఈ హాబీ ఉన్నవాళ్లం కాబట్టి అంటున్నాను: ఆ రాత్రి అసలేం జరిగిందో, ఎవరేం చేశారో సాక్షుల నోట, క్రాస్‌లో నలిగి బయటికొచ్చే అవకాశం ఆ పొద్దున్నే పోయింది. మనకి మిగిలింది ప్రెస్ నోట్.

మీరు చెప్పే కేసులన్నీ ఒకే రకంగా ఉంటాయేం?

ఇది మా లా స్టూడెంట్ అడిగింది. గుచ్చుకుంది.

2020 మే 7 తెల్లవారుజామున మన ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. పన్నెండు మంది చనిపోయారు. పరిగెత్తుతూ రోడ్డు మీద, డ్రైన్లలో పడిపోయినవాళ్ల వీడియోలు మనందరం చూశాం. లాక్‌డౌన్లో ఆగిపోయిన ప్లాంటులో ట్యాంకు చల్లదనం ఎవరు చూడాలి, ఉష్ణోగ్రత ఎక్కడ కొలిచారు, సైరన్ ఎందుకు మోగలేదు. హైపవర్ కమిటీ ఆ జులైలోనే నివేదిక ఇచ్చింది. నేరం జరిగిన చోటు ఉంది, టైమ్‌లైన్ ఉంది, పట్టించుకోని హెచ్చరికలున్నాయి. మనకి కావాల్సిన సరుకంతా ఉంది. కానీ ఇందులో చీకట్లో కత్తి పట్టుకున్న మనిషి లేడు. అందుకే ఏ క్రైమ్ ఛానల్ జాబితాలోనూ చేరదు. మేం దీని మీద ఆరు ఆదివారాలు కూర్చున్నాం, ఇంకా అవలేదు.

యూట్యూబ్ ఛానల్ పెడదామనుకుంటున్నాను. సలహా ఇస్తారా?

ఇస్తాను, వినరని తెలిసినా. థంబ్‌నెయిల్ మీద శవం వద్దు. మృతురాలి పెళ్లి ఫొటో వద్దు, అది ఆమె ఫేస్‌బుక్ నుంచి ఎవరినీ అడక్కుండా తీసిందే అయ్యుంటుంది. ‘వివాహేతర సంబంధమే కారణమా?’ అని ప్రశ్నార్థకం వెనక దాక్కోవద్దు.

ఊరి పేరో కులం పేరో నేరానికి తగిలించకండి. బ్రిటిష్‌వాళ్లు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి కొన్ని కులాలని పుట్టుకతోనే నేరస్తులన్నారు. 1952లో ఆ చట్టం పోయింది. ఆ ముద్ర పడ్డవాళ్లని తెచ్చి ఉంచిన స్టువర్టుపురం పేరు చెప్పి చూడండి, ఎదుటివాళ్ల నోట వచ్చే మొదటి మాటేంటో మీకే తెలుస్తుంది. ఆ ఊళ్లో పుట్టి ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళ్లిన పిల్లవాడు ఆ మాట వింటూనే ఉంటాడు.

కేసు కొట్టేస్తే ఆ సంగతి చెబుతూ ఇంకో వీడియో చేయండి. దానికి వ్యూస్ రావు. అయినా చేయండి.

ఇవి వింటుంటే రాత్రి నిద్ర పట్టడం లేదు.

ఆపేయండి. నెల రోజులు పాత పాటలు వినండి. నేను ఏడాదికి రెండుసార్లు అదే చేస్తాను.

పిల్లలు వినొచ్చా?

మా ఇంట్లో పదిహేనేళ్లు దాటాకే అనుకున్నాం. మా మేనకోడలు పన్నెండుకే మొదలుపెట్టిందని ఈ మధ్యే తెలిసింది. ఇప్పుడు కలిసి వింటున్నాం, మధ్యమధ్య ఆపి మాట్లాడుకుంటున్నాం.

మీతో కలవాలంటే ఏం చేయాలి?

ఏమీ చేయక్కర్లేదు, వచ్చేయడమే. ఆదివారం సాయంత్రం ఐదున్నర. వానొస్తే ట్యూషన్ అక్క ఇంట్లో, మేడ మెట్ల కింద. వచ్చేటప్పుడు ఏదో ఒక తీర్పు, కనీసం పది పేజీలైనా చదివి రండి. మిక్చర్ ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి. మమ్మల్ని గుర్తుపట్టడం కష్టం కాదు. ఫుట్‌పాత్ వారగా నీలం రంగు పాత స్కూటర్ ఆగి ఉంటుంది. దాని ఫొటో మాత్రం తీయకండి.